కొనేవాళ్లు పెరటి గుమ్మంలో నిలబడి ఏం చూస్తారు?

ప్రశ్న: ఎనిమిది వారాల్లో ఇల్లు అమ్మకానికి పెడుతున్నాం. లోపల రంగులు, చిన్నాచితకా మరమ్మతులు అయిపోయాయి. బెంగంతా పెరటి గురించే. పొడవు 30 అడుగులు, వెడల్పు 20. గుమ్మం ముందున్న పాత సిమెంటు గచ్చు కుంగి బీటలు వారింది. వాన పడితే నీళ్లు ఇంటి గోడ వారనే రెండు రోజులు నిలుస్తాయి, గోడ అడుగున పాకుడు పట్టింది. మిగతాదంతా కలుపు. ఒక మూల రేకుల షెడ్డు, దాని నిండా పాత సామాను. పెద్ద చెట్టొకటి ఉంది, దాని కొమ్మలు కప్పుకి రాసుకుంటున్నాయి. మా తమ్ముడు మొత్తం సిమెంటు చేయించేయమంటున్నాడు. మా ఆవిడేమో లాన్ వేసి, చిన్న ఫౌంటెన్ పెడితే ధర పెరుగుతుందంటోంది. ఎంతవరకు చేయాలి, ఎక్కడ ఆపాలి?

సమాధానం: ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు పెరటి తలుపు తీసి చాలావరకు గుమ్మంలోనే ఆగిపోతారు. చెప్పులు వేసుకుని చివరిదాకా నడిచేవాళ్లు తక్కువ. నిలబడ్డ ఆ కాసేపట్లో వాళ్ల మనసులో నడిచే లెక్క ఒకటే: కొన్నాక ఇక్కడ నా నెత్తిన ఎంత పని పడుతుంది? పాకుడు గోడ కంటపడిందంటే, లోపల మీరు వేయించిన కొత్త రంగు కూడా ఏదో దాచడానికే అనిపిస్తుంది. బేరం అక్కడ మొదలవుతుంది. కాబట్టి మీ ఎనిమిది వారాలూ పెరట్లోంచి అనుమానాలు తీసేయడానికి వాడండి. కొత్తగా తెచ్చిపెట్టేవి చివర్లో, అవీ కొన్నే.

మొదటి వారం ఖాళీ చేయడానికే సరిపోతుంది. షెడ్డు నిటారుగా ఉండి, స్తంభాల అడుగు తుప్పు తినకుండా ఉంటే ఉంచండి. సామాను తీసేసి, తుడిచి, తలుపు తెరిచే ఉంచితే అది కొనేవాళ్లకి అదనపు గది. ఒరిగిపోయి ఉంటే మాత్రం తీసేయడమే మేలు. తీసేముందు రేకులు ఇనుపవా సిమెంటువా చూసుకోండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. వాటిని పగలగొట్టినా, కోసినా, రంధ్రాలు చేసినా కంటికి కనబడని పీచు లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయండి, మీరు సుత్తి పట్టుకోవద్దు. షెడ్డు లేచిపోయిన చోట నేల రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. గునపంతో 6 అంగుళాల లోతు గుల్ల చేస్తే తప్ప అక్కడ ఏదీ నాటుకోదు.

కలుపుని కొడవలితో కోయించి పని అయిపోయిందనుకుంటే, సరిగ్గా కొనేవాళ్లు వచ్చే రోజుకి మళ్లీ మోకాలెత్తు లేస్తుంది. ముందు రోజు సాయంత్రం నేల బాగా తడిపి, మర్నాడు పొద్దున వేళ్లతో సహా తీయించండి. 600 చదరపు అడుగులకి ఇద్దరు మనుషులకి ఒకటి రెండు రోజుల పని. తుంగ ఉంటే అదనంగా ఓపిక కావాలి. పైన పీకితే పిలక తెగి చేతికొస్తుంది, గడ్డ నేలలోనే ఉండిపోయి మళ్లీ మొలుస్తుంది. నల్ల ప్లాస్టిక్ షీటు పరిచినా సూదిలా పొడుచుకుని పైకొచ్చే మొక్క అది. పారతో కింది నుంచి ఎత్తి, మట్టి విదిలించి గడ్డలు ఏరాల్సిందే. మందు కొట్టేట్టయితే వేళ్లదాకా దిగే రకం వాడాలి. అది పనిచేయడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఈలోపు మొక్క ఇంకా పచ్చగా ఉందని పీకేస్తే మందు వేరుకి చేరదు, కొట్టిందంతా వృథా.

ఇక అసలు సంగతి, నీళ్లు. గోడ వారన నీళ్లు నిలవడానికి మామూలుగా మూడు కారణాలుంటాయి: కప్పు మీది నీళ్లు అక్కడే పడటం, నేల వాటం ఇంటివైపు ఉండటం, మట్టి నీళ్లని పీల్చుకోకపోవడం. మీ ఇంట్లో ఏదో తేలాలంటే వాన పడుతుండగా గొడుగేసుకుని పెరట్లో పది నిమిషాలు నిలబడి చూడండి. ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

కప్పు నీళ్లని చాలామంది తక్కువ అంచనా వేస్తారు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన అంటే 2,500 లీటర్లు. అందులో సగం ఒకే గొట్టంలోంచి గోడ మొదట్లో దూకుతుంటే మీరు గచ్చు ఎన్నిసార్లు మార్చినా కుంగుతూనే ఉంటుంది. గొట్టం చివర మోచేయి (వంపు ముక్క) పెట్టి, ఇంకో ముక్క కలిపి, నీళ్లు గోడకి కనీసం 5, 6 అడుగుల దూరంలో పడేట్టు చేయండి. గంటసేపటి పని. ఒక్కోసారి జబ్బంతా దీంతోనే పోతుంది.

వాటం చూడటానికి తాడు, రెండు మేకులు, రసమట్టం చాలు. గోడ దగ్గర ఒక మేకు, దానికి ఎదురుగా 10 అడుగుల దూరంలో ఇంకొకటి పాతి, తాడు బిగించి కట్టి, మట్టం సరిచేయండి. తాడు నుంచి నేలకి రెండు చోట్లా కొలవండి. మట్టినేలయితే గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాలు దిగాలి. గచ్చు, పేవర్లు లాంటి గట్టి నేలకి అడుగుకి పావు అంగుళం, అంటే 10 అడుగులకి రెండున్నర అంగుళాలు చాలు. మీ కొలతలో రెండో చోటే తక్కువ వచ్చిందంటే, నీళ్లు ఇంటివైపు నడుస్తున్నాయని అర్థం.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. వాటం తిప్పాలంటే గోడ వారన ఒక బండెడు మట్టి పోసేస్తే సరిపోతుందనుకుంటారు. ఇంటి లోపలి గచ్చు మట్టానికి బయటి నేల కనీసం 6 అంగుళాలు కిందుండాలి. గోడలో చెమ్మ పైకి పాకకుండా వేసిన పొర ఆ మధ్యలోనే ఎక్కడో ఉంటుంది. మట్టి దాన్ని దాటి పైకి వచ్చిందంటే చెమ్మ పొరని తప్పించుకుని నేరుగా గోడలోకి ఎక్కుతుంది, చెదలకీ కనబడని దారి దొరుకుతుంది. గోడ దగ్గర ఎత్తు పెంచే వీలు లేకపోతే, దూరంగా ఉన్న నేలని చెక్కి దించండి. తవ్విన మట్టి ఎక్కడ పోయాలన్నది వేరే తలనొప్పి. చెట్టు మొదట్లో మాత్రం పోయకండి, వేళ్లకి గాలి అందదు.

మట్టి పీలుస్తుందో లేదో తెలియాలంటే అడుగు లోతు గొయ్యి తీసి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక రెండోసారి నింపి, అప్పుడు కొలవండి. గంటకి ఒక అంగుళం దిగితే బాధలేదు. అర అంగుళం కూడా దిగకపోతే బంకమట్టి. అప్పుడు కప్పు గొట్టం మార్చినా, వాటం సరిచేసినా నీళ్లు ఎక్కడో ఒకచోట నిలుస్తాయి కనుక వాటికి దారి చూపాలి. ఒకటిన్నర అడుగు లోతు, అడుగు వెడల్పు కాలువ తవ్వి, జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లని వదిలి మట్టిని ఆపేది) పరిచి, రెండు అంగుళాలు కడిగిన ముప్పావు అంగుళం కంకర వేసి, 4 అంగుళాల చిల్లుల గొట్టం పెట్టి, పైన మళ్లీ కంకర నింపి, గుడ్డ మడిచి కప్పేయాలి. వాటం అడుగుకి కనీసం అర పావు అంగుళం, అంటే 20 అడుగులకి రెండున్నర అంగుళాలు. గొట్టం చిల్లులు కిందివైపు ఉండాలి. పైకి ఉంటేనే నీళ్లు పడతాయనుకుని తిప్పి పెట్టేవాళ్లున్నారు. నీటిమట్టం అడుగు నుంచి పైకి లేస్తుంది కాబట్టి కింద చిల్లులుంటేనే గొట్టం తొందరగా అందుకుంటుంది. గుడ్డ మానేస్తే కొన్నాళ్లకి సన్నమట్టి చేరి కంకర మూసుకుపోతుంది. గొట్టం చివర పక్కింటివాళ్ల స్థలంలోకి మాత్రం తెరవకండి. అమ్మేముందు కొత్త తగాదా మీకెందుకు?

నీటి పని పూర్తయ్యాకే గచ్చు జోలికి వెళ్లాలి. బీటల మీద పలచగా సిమెంటు పూయించేస్తే చాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కింద మట్టి కుంగింది కాబట్టే గచ్చు పగిలింది. పైన వేసిన అర అంగుళం పూత సరిగ్గా ఆ బీటల మీదే మళ్లీ చీలుతుంది, అంచుల్లో పెచ్చులూడుతుంది. పాత బీటకంటే మరమ్మతు చేసి మళ్లీ పగిలిన బీటే కొనేవాళ్లని ఎక్కువ భయపెడుతుంది.

పాతది పగలగొట్టించి, గుమ్మం ముందు 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవున పేవర్ బ్లాకులు వేయించండి. నాలుగు కుర్చీలు, ఒక బల్ల పట్టే జాగా అది, అంతకంటే అక్కర్లేదు. 60 మిల్లీమీటర్ల బ్లాకుకి, పూర్తయ్యాక ఉండాల్సిన మట్టం నుంచి దాదాపు ఏడున్నర అంగుళాలు తవ్వాలి: 4 అంగుళాలు కంకర, ఒక అంగుళం ఇసుక, ఆపైన బ్లాకు. 120 చదరపు అడుగులకి 4 అంగుళాల మందం అంటే 40 ఘనపుటడుగులు. కానీ కొట్టేకొద్దీ కంకర దిగుతుంది కనుక 50 తెప్పించుకోండి. ఇసుక 10 ఘనపుటడుగులు, బ్లాకుల మధ్య కీళ్లలో నింపడానికి ఇంకో రెండు. బ్లాకులు కోతల్లో పోయేవి కలిపి 130 చదరపు అడుగులవి.

ఈ పనిలో నాణ్యతంతా కింద ఉంటుంది, పైకి కనబడదు. కంకర వేసే ముందు అడుగు మట్టిని కూడా గట్టిగా కొట్టించాలి. కంకర ఒక్కసారిగా పోసి పైన దిమ్మిస కొడితే పై రెండు అంగుళాలే బిగుస్తాయి. రెండు అంగుళాల చొప్పున రెండు వరసలుగా వేసి, కాస్త తడిపి, వరసకోసారి మిషనుతో కొట్టించండి. మడమతో గట్టిగా తొక్కినా అచ్చు పడకూడదు. పల్లంగా ఉన్న చోట కంకర తక్కువైతే దాన్ని ఇసుకతో పూడ్చేయడం మేస్త్రీలకి అలవాటు. ఇసుక ఒకటిన్నర అంగుళం దాటిన చోటల్లా ఆరు నెలల్లో గుంట పడుతుంది. ఇసుక గరుకుగా ఉండాలి, పరిచాక దాని మీద నడవకూడదు. చుట్టూ అంచు బిగించకుండా వదిలేస్తే బయటి వరస బ్లాకులు జరిగి కీళ్లు తెరుచుకుంటాయి. గోడ నుంచి బయటికి వాటం మర్చిపోవద్దు.

మీ తమ్ముడి సిమెంటు ఆలోచనకి ఇక్కడే జవాబుంది. 600 చదరపు అడుగులూ గట్టి నేల చేస్తే ఇప్పుడు మట్టిలోకి ఇంకే ఆ కాస్త నీళ్లు కూడా ఎక్కడో ఒక వారకి పరిగెడతాయి. ఎండ వేడికి పెరటి వైపు గదులు ఉడుకుతాయి. కాంక్రీటుని కనీసం ఏడు రోజులు తడుపుతూ ఉంచాలి, పూర్తి బలం రావడానికి 28 రోజులు. తొందరలో ఆ తడి సరిగా పెట్టకపోతే మీరు ఇల్లు చూపించే నెలలోనే కొత్త బీటలు కనబడతాయి. పైగా మొక్కలు కావాలనుకునేవాళ్లకి అది పగలగొట్టాల్సిన ఖర్చుగానే కనబడుతుంది.

గోడ పాకుడుని నీళ్ల దారి మళ్లించాకే కడగండి, లేకపోతే రెండు వానలకి మళ్లీ వస్తుంది. మామూలు ద్రవ బ్లీచు ఒక పాలు, నీళ్లు పది పాళ్లు కలిపి పూసి, పావుగంట ఆగి బ్రష్షుతో రుద్ది కడిగేయాలి. చేతికి తొడుగులు వేసుకోండి. బ్లీచుతో యాసిడ్ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. తెల్లటి ఉప్పు పొడి పూసి ఉంటే నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికి ఇంకుతుంది, పొడి బ్రష్షుతో దులపండి. ప్రెషర్ వాషర్ తెస్తే 25 డిగ్రీల వెడల్పు నాజిల్ పెట్టి అడుగు దూరం నుంచి కొట్టండి, సన్నధార నాజిల్ ఇటుకల మధ్య సున్నం లేపేస్తుంది. ఇక రంగు. గోడ పూర్తిగా ఆరకుండా వేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక బుడగలు కడుతుంది. ఎనిమిది వారాల్లో ఆరకపోతే రంగు మానేయండి. శుభ్రంగా ఉన్న పాత గోడ నమ్మకం కలిగిస్తుంది, బుడగలు లేచిన కొత్త గోడ దొంగతనం పట్టిస్తుంది. కడిగాక గోడ మీద బీట ఏదైనా బయటపడి, అది పావు అంగుళం దాటి వెడల్పుంటే, లేదా ఇటుక వరసల వెంట మెట్లు మెట్లుగా పోతుంటే, పుట్టీ పెట్టకుండా ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి.

చెట్టుని కొట్టించేయాలని తొందరపడకండి. ఎదిగిన నీడ ఎనిమిది వారాల్లో ఎవరూ తెచ్చిపెట్టలేరు. కప్పుకి రాసుకునే కొమ్మలు తీయించండి చాలు, అదీ చెట్టు మీదున్న ఆకులో నాలుగో వంతు మించకుండా. బరువైన కొమ్మని పైనుంచి ఒకే కోతలో కోస్తే సగంలో విరిగి మాను బెరడుని చీల్చుకుంటూ పడుతుంది. అందుకే మూడు కోతలు: మానుకి అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు మందం, దానికి రెండు అంగుళాలు అవతల పైనుంచి పూర్తిగా, చివరగా మిగిలిన మొండిని కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే కంకణం దాటగానే. ఆ కంకణంలోంచే గాయం మానుతుంది, దాన్ని కోసేయకూడదు. తారు, రంగు ఏమీ పూయక్కర్లేదు. కరెంటు తీగలు దగ్గరుంటే చెట్లు కొట్టేవాళ్లకంటే ముందు కరెంటు వాళ్లని పిలవాలి. కొన్నిచోట్ల కొమ్మ కొట్టడానికీ అనుమతి కావాలి, అడిగి తెలుసుకోండి.

లాన్ విషయంలో మీ ఆవిడ మాట సగం నిజం. మిగిలిన నేల 480 చదరపు అడుగులు. రోజుకి నాలుగైదు గంటలైనా ఎండ పడే మేరకే, అంటే బహుశా 300 చదరపు అడుగులకి, గడ్డి వేయండి. చెట్టు నీడలో గడ్డి పలచబడి చస్తుంది, అక్కడ ఎండు బెరడు ముక్కలు పరిస్తే సరి. విత్తనం చల్లితే మీ గడువుకి నిండదు. మట్టితో సహా చాపల్లా చుట్టి అమ్మే గడ్డి తీసుకోండి, అమ్మకానికి పెట్టడానికి కనీసం మూడు వారాల ముందు. ఒకటి రెండు అంగుళాల మాగిన కంపోస్టు పరిచి, 6 అంగుళాల మట్టిలో కలిపి, చదును చేసి, చాపలు వచ్చిన రోజే పరిచేయండి. చుట్టి ఉంచితే లోపల వేడెక్కి పసుపు తిరుగుతుంది. గోడలో ఇటుకల్లా కీళ్లు తప్పించి, అంచుకి అంచు ఆనించి వేసి, రోలరు దొర్లించాలి. మొదటి రెండు వారాలు రోజూ నీళ్లు. ఒక మూల ఎత్తి చూస్తే చాప కింది మట్టి కూడా తడిసి ఉండాలి. మూల పట్టుకుని లాగితే రానప్పుడు వేళ్లు దిగినట్టు, అప్పుడే మొదటి కోత. ఎత్తులో మూడో వంతు మించి కోయకండి.

ఎదురు ప్రహరీ వెంట 20 అడుగులు, మూడడుగుల వెడల్పున మొక్కల మడి ఒకటి చాలు. వెనక వరస ఎప్పుడూ పచ్చగా ఉండే పొదలు, ముందు కుండీల్లో అప్పటికే పూసిన మొక్కలు. పది రకాలు ఒక్కొక్కటి నాటితే నర్సరీలో మిగిలిపోయిన సరుకులా ఉంటుంది. రెండు మూడు రకాలు ఐదేసి చొప్పున గుంపుగా పెట్టండి. మడి మీద 2 అంగుళాల బెరడు పరచడానికి 10 ఘనపుటడుగులు పడుతుంది. కాండం చుట్టూ మూడు అంగుళాలు వదలండి, ఆనితే మొదలు కుళ్లుతుంది. ఇంటి గోడకి ఆనించి మాత్రం బెరడు వేయొద్దు, చెదలు.

ఫౌంటెన్ వద్దు. మోటారు, ఫిల్టరు, పాచి, చిన్నపిల్లలున్న ఇంటివాళ్లకి భయం. వారం పది రోజులు ఆపితే దోమలు. దాని బదులు 12 వోల్టుల దీపాలు ఆరు, ఒక్కోటి 3 వాట్లు, పేవర్ల అంచునా చెట్టు మొదట్లోనూ పెట్టించండి. వెలుగు రంగు (బల్బు పెట్టె మీద కెల్విన్‌లో రాసి ఉంటుంది) 2,700 నుంచి 3,000 కెల్విన్ మధ్య, వెచ్చటి పసుపు. తెల్లటి బల్బు పెరడుని బస్టాండు చేసేస్తుంది. మొత్తం 18 వాట్లే కనుక 30 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ హాయిగా మోస్తుంది.

ఫొటోలు గడ్డి కోసిన మర్నాడు, ఎండ ఏటవాలుగా పడే పొద్దున, గుమ్మంలోంచి ఒకటి, ఎదుటి మూల నుంచి ఇంటివైపు ఒకటి. గొట్టాలు, బకెట్లు, ఆరేసిన బట్టలు తీసేయండి. నీళ్లు నిలిచేవన్న సంగతి దాచకండి. తెలిసిన లోపం దాస్తే అమ్మాక దావా పడే అవకాశం చాలాచోట్ల ఉంది, చెప్పి సరిచేసింది చూపిస్తే అదే మీకు బలం. కాలువ మూసేముందు గొట్టం ఎటు పోతోందో ఫొటోలు తీసి, కొలతలతో ఒక కాగితం మీద గీసిపెట్టండి. మిగిలిన పేవర్లు పదో పన్నెండో షెడ్డు ఉంటే షెడ్డులో, లేకపోతే మెట్ల కింద పేర్చి, ఆ కాగితంతో పాటు కొన్నవాళ్లకి ఇవ్వండి.